ఘాట్ రోడ్డుకు ఆటోమేటిక్ కారు పనికొస్తుందా? తిరుపతి, చిత్తూరు వాళ్లు కాస్త చెప్పండి

కొర్లగుంట_క్యాషియర్ · ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఒకే బండి లాక్కొస్తున్నాను, ఇక మార్చక తప్పదు. బడ్జెట్ ఆన్ రోడ్ పది లక్షలు, ఇంకో యాభై వేలు ఎక్కువైనా ఏదోలా సర్దుకుంటాను. పెట్రోల్ బండే. ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్ తీసుకోవాలా అన్నదే నెల నుంచి తేలడం లేదు. షోరూములో అడిగితే ఏది స్టాక్‌లో ఉంటే అదే మంచిదంటున్నారు. ఆఫీసులో అడిగితే "తిరుపతిలో ఉంటూ ఆటోమేటిక్ ఏంది సామీ, ఘాట్ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు బ్రేకులు పోతాయి" అంటున్నారు. ఏడాదికి నాలుగైదు సార్లు కొండకు పోతాం, చుట్టాలొస్తే ఇంకో రెండు సార్లు.

నేను చిత్తూరులో పనిచేస్తాను, బస్సులోనే పోయి వస్తాను. మా ఆవిడ ఈ మధ్యే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది, లైసెన్స్ కూడా వచ్చింది, రోజూ పుత్తూరు దగ్గర స్కూలుకు కారులో పోతానంటోంది. ఘాట్‌లో ఆటోమేటిక్ నిజంగా నడిపినవాళ్లు చెబితే మేలు. యూట్యూబ్‌లో చూసింది చెప్పొద్దు, అది నేనూ చూశాను.

స్పానర్_సాయి · ఆదివారం రాత్రి 10:02

అన్నా, ఆటోమేటిక్ అని ఒక్క పేరు పెట్టి నాలుగు రకాల సరుకు అమ్ముతున్నారు. ఎవరైనా ఆటోమేటిక్ మంచిది కాదు అంటే ఏ ఆటోమేటిక్ అని అడగండి, సగం మంది అక్కడే ఆగిపోతారు.

మీ బడ్జెట్‌లో ఎక్కువగా దొరికేది ఏఎమ్‌టీ. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో వచ్చింది, వాళ్లు దాన్ని ఏజీఎస్ అంటారు. నిజానికి అది మాన్యువల్ బండే. అదే గేరుబాక్సు, అదే క్లచ్ ప్లేటు. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, ఎప్పుడు చేయాలో ఒక కంప్యూటరు చెబుతుంది, అంతే. అందుకే మాన్యువల్ మీద యాభై అరవై వేలకు మించి తేడా ఉండదు. గేరు మారినప్పుడల్లా తల ఒకసారి ముందుకు ఊగడం కూడా అందుకే, కొత్తగా నేర్చుకున్నవాడు క్లచ్ వదిలినట్టు ఉంటుంది. గేరు మారే సమయానికి యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే ఆ ఊపు సగం తగ్గిపోతుంది, పది రోజుల్లో కాలికే తెలిసిపోతుంది ఎప్పుడు వదలాలో.

టార్క్ కన్వర్టర్ కథ వేరు. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, అదే లెక్క. ఎత్తు మీద ఎన్నిసార్లు ఆపి కదిలించినా అరిగే ప్లేటు లేదు. ఘాట్‌కు దీన్ని మించింది లేదంటాను నేను, కానీ మీ పది లక్షల్లో కష్టం. సీవీటీలో అసలు గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంటుంది, కప్పీ చెంపలు దగ్గరకూ దూరానికీ జరిగితే బెల్టు పైకీ కిందికీ పాకుతుంది. నున్నగా పోతుంది, కాకపోతే ఎత్తులో తొక్కితే ఇంజను ఒకే సుతిలో అరుస్తూ ఉంటుంది, బండి నిదానంగా అందుకుంటుంది. కొందరికి ఆ అరుపు నచ్చదు.

నాలుగోది డీసీటీ, రెండు క్లచ్‌లది, దాని గురించి వాడినవాళ్లు చెప్పాలి. నా షెడ్డుకు రెండు మూడు బండ్లే వచ్చాయి.

ట్రావెల్స్_బాబు · ఆదివారం రాత్రి 10:40

నేను రోజుకు రెండు ట్రిప్పులు కొండకు వేస్తాను, సీజన్లో మూడు. నా నాలుగు బండ్లూ మాన్యువలే. ఆటోమేటిక్ మీద కోపమేమీ లేదు, కానీ నా బండి ఏ యాక్టింగ్ డ్రైవరొచ్చినా నడపగలగాలి, బ్యాటరీ డౌనైతే ఇద్దరు తోస్తే స్టార్టవ్వాలి. ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయడం కుదరదు, జంపర్ కేబుల్ కోసం పరిగెత్తాలి. చెడిపోయి లాగాలంటే మామూలు తాడు పనికిరాదు, ఫ్లాట్‌బెడ్ రావాలి. వెనక సీట్లో కల్యాణోత్సవం టికెట్లున్న పార్టీ కూర్చుని నిమిషానికోసారి టైం చూసుకుంటుంటే ఈ వైభోగం ఎవరికి కావాలి చెప్పండి.

ఘాట్ ఎక్కదు అన్నది మాత్రం ఉత్త మాట. కర్ణాటక, తమిళనాడు బండ్లు సగం ఆటోమేటిక్‌లే ఎక్కుతున్నాయి రోజూ. పైగా ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందొస్తే గేటు దగ్గర ఊరుకోరు, కాబట్టి ఇక్కడ రేసు ఎవరికీ లేదు. చివరి మలుపుల దగ్గర బండి పక్కకాపి ఫోను చూసుకునేవాళ్లంతా టైం గడుపుతున్నవాళ్లే.

కోటవీధి_చంద్రగిరి · సోమవారం ఉదయం 7:25

దిగేటప్పుడు బ్రేకులు పోతాయి అన్నదాంట్లో కొంచెం నిజం ఉంది, అది నా నెత్తిమీదకే వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తప్పు బండిది కాదు, నాది.

ఆటోమేటిక్ కొన్న కొత్తలో అమ్మానాన్నలతో కొండకు పోయి సాయంత్రం దిగుతున్నాం. డీలో, అంటే గేర్లన్నీ బండే వేసుకునే చోట పెట్టి హాయిగా వస్తున్నాను, స్పీడు పెరిగినప్పుడల్లా బ్రేకు, మళ్లీ బ్రేకు, కాలు దాదాపు తీయలేదు. సగం దూరం వచ్చాక ఏదో కాలుతున్న వాసన. ముందు పోతున్న లారీది అనుకున్నాను. లారీ ఘాట్‌లో ఏంది అని నాన్న అన్నాడు. ఇంకో రెండు మలుపులకు బ్రేకు పెడల్ మెత్తబడింది, రోజూ తొక్కే చోటు కంటే కిందికి పోయాక పట్టుకుంటోంది. చేతులు చల్లబడ్డాయి. కాస్త వెడల్పున్న చోట ఆపి దిగి చూస్తే ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. నీళ్ల బాటిల్ తీసి పోయబోతుంటే పక్కనే ఆగిన జీపు డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పోస్తే అది వంకర తిరుగుతుందట. ముప్పావు గంట ఊరకే కూర్చున్నాం.

ఆయనే నా గేరు లివర్ పక్కన ఉన్న ఎమ్ అన్న అక్షరం చూపించి ఇదెందుకుందనుకున్నావు అబ్బా అన్నాడు. అందులో పెడితే ఏ గేరు కావాలో మనమే వేసుకోవచ్చట. కొని నాలుగు నెలలైనా దాన్ని నేను ముట్టుకోలేదు.

ఘాట్_డ్రైవర్_కొడుకు · సోమవారం ఉదయం 9:50

మా నాన్న ఆర్టీసీలో ఘాట్ డ్యూటీ చేసి రిటైరయ్యారు. ఈ చర్చ చదివి వినిపిస్తే నేను చెబుతా రాయి అన్నారు. ఆయన మాటలే రాస్తున్నాను.

"ఘాట్‌లో బ్రేకు కాలితో వేసేది కాదు, గేరుతో వేసేది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, మాకు ట్రైనింగులో చెప్పిన మొదటి మాట అదే. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకు మలుపు ముందు ఒకసారి గట్టిగా వేసి వదిలెయ్యాలి, ఊరికే ఆనించి పెట్టుకుంటే వేడెక్కుతుంది. బ్రేకు ఆయిల్ పాతదై నీళ్లు పట్టి ఉంటే తొందరగా మరుగుతుంది, మరిగితే పైపులో గాలిబుడగలు, అప్పుడు పెడల్ మెత్తబడుతుంది. చంద్రగిరి అబ్బాయికి జరిగింది ఆ మరగడమే అయి ఉంటుంది, బండి కొత్తది, ఆయిల్ కూడా కొత్తదే కాబట్టి బతికిపోయాడు. న్యూట్రల్‌లో దిగేవాడు పెట్రోలు మిగులుతుందనుకుంటాడు, వాడికి ఏమీ చెప్పలేం.

ఇప్పుడు దిగే రోడ్డు 1944లో వేసింది, 36 మలుపులంటారు. ఎక్కేది తర్వాత వేసిన రెండో రోడ్డు. నేను చేరినప్పుడు బస్సుకు పవర్ స్టీరింగు కూడా లేదు, ఒక్కో మలుపుకు భుజాలు ఊడేవి. ఇప్పుడు 2022 బ్రహ్మోత్సవాల నుంచి కరెంటు బస్సులు తిరుగుతున్నాయి, వాటికి క్లచ్చూ లేదు, గేర్లూ లేవు, మా జూనియర్లు నవ్వుతూ దిగుతున్నారు. దిగేటప్పుడు మోటారే డైనమో అయి బండిని పట్టుకుంటుంది, బ్యాటరీకి కరెంటు కూడా పోతుంది. మరి ఆటోమేటిక్ ఘాట్‌కు పనికిరాదనేవాళ్లు ఆ బస్సెక్కకుండా నడిచి పోతున్నారా?"

నాన్న ఇంకో మాట కూడా రాయమన్నారు. ఏఎమ్‌టీలో ఎమ్ వేసి రెండో గేరులో దిగినా సరే, బండి బాగా నిదానమై నడక స్పీడుకు వస్తే ఆఫ్ కాకుండా ఉండాలని అదే క్లచ్ వదిలేస్తుంది, అప్పుడు ఇంజను పట్టు ఉండదు, బండి ఊరికే జారుతుంది. లైనులో నెమ్మదిగా దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే సిద్ధంగా ఉండాలట. మా అన్న బండి నడిపి చూసి కనిపెట్టారు.

పలమనేరోడు_బెంగళూరులో · సోమవారం మధ్యాహ్నం 1:15

డీసీటీ అడిగారు కదా, నాది అదే. ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లకు ఒక క్లచ్, రెండు, నాలుగు, ఆరుకు ఇంకో క్లచ్. మీరు మూడులో ఉండగానే నాలుగు రెడీగా పెట్టుకుని ఉంటుంది, అందుకే గేరు మారినట్టే తెలియదు. శని, ఆదివారాలు ఊరికి వస్తుంటే మొగిలి ఘాట్‌లో, హైవేలో అది స్వర్గం. సోమవారం పొద్దున బెంగళూరులో గంటకు మూడు కిలోమీటర్లు పాకేటప్పుడు అదే నరకం, ఎందుకంటే నాది పొడి క్లచ్ రకం, చల్లబరిచే ఆయిల్ ఉండదు, వేడెక్కుతుంది. నాకు ఒకసారి గేరుబాక్సు వేడెక్కింది, పక్కన ఆపండి అని మీటరులో రాత వచ్చింది, అప్పుడు నేను ఫ్లైఓవర్ మధ్యలో ఉన్నాను, పక్కన అంటే గాల్లో అన్నమాట. ముందు బండి జరిగినప్పుడల్లా జానెడు జానెడు జరగకుండా, కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదిలితే ఇబ్బంది తగ్గింది. కానీ మీ బడ్జెట్‌కు, మీ అవసరానికి ఇది వద్దు.

పుత్తూరు_కట్టు · సోమవారం మధ్యాహ్నం 2:03

ఇంత చర్చ ఎందుకు బ్రదర్, ఆడవాళ్లు నడిపితే ఆటోమేటిక్, మగాళ్లు నడిపితే మాన్యువల్, ఫినిష్. 😀

మదనపల్లె_అక్క · సోమవారం మధ్యాహ్నం 2:31

పైన ఫినిష్ చేసిన తమ్ముడికి. నాకు 52 ఏళ్లు. పదిహేనేళ్లు మాన్యువల్ నడిపాను, హార్సిలీ హిల్స్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఎడమ మోకాలు అరిగాక ఆటోమేటిక్‌కు మారాను, అదే మోకాలు అరిగిన మా వారు మాత్రం "గేరు లేకపోతే బండి నడిపినట్టే ఉండదు" అని ఇంకా మాన్యువల్‌లోనే మూలుగుతున్నారు. అలాంటి కాలికి మీ పేరులో ఉన్న కట్టు కూడా పనిచేయదు నాయనా.

క్యాషియర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు చిత్తూరుకు బస్సులో పోతారు, కొండకు ఏడాదికి ఐదారు సార్లు. రోజూ నడిపేది మీ ఆవిడ. ఆమెకేం కావాలో ఆమెను అడిగారా? నెల నుంచి తేలడం లేదంటే అడగాల్సిన మనిషిని తప్ప ఊళ్లో అందరినీ అడిగినట్టున్నారు.

నిర్వాహకుడు · సోమవారం మధ్యాహ్నం 3:00

ఎవరికి ఏ బండి అని ఆడా మగా లెక్కలు ఇక్కడ వద్దు. విషయం మీద మాట్లాడండి. మధ్యలో సెకండ్ హ్యాండ్ బండి అమ్మకానికి పెట్టినాయన పోస్టు తీసేశాను, దానికి వేరే విభాగం ఉంది.

కొర్లగుంట_క్యాషియర్ · సోమవారం రాత్రి 8:47

అక్కా, నిజం చెప్పాలంటే అడగలేదు. ఆమె కొత్తగా నేర్చుకుంది కదా, ఏం చెబుతుందిలే అనుకున్నాను. ఇప్పుడే ఈ పేజీ మొత్తం చదివింది. "నెల నుంచి ఫోనులో ఏం చూస్తున్నారో అనుకున్నా" అంది. తర్వాత మాట్లాడతానంది. అన్నం మాత్రం పెట్టింది.

ఎస్వీయూ_బ్యాచ్ · సోమవారం రాత్రి 9:20

చిన్న డౌట్. ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే లైసెన్స్ ఆటోమేటిక్‌కే ఇస్తారా? మా రూమ్మేట్ అలాగే అంటున్నాడు.

స్పానర్_సాయి · సోమవారం రాత్రి 9:41

ఇంగ్లండులో అలా ఉంది, అక్కడ ఆటోమేటిక్‌లో టెస్టు పాసైతే మాన్యువల్ నడపకూడదు. మన దగ్గర కారుకు లైట్ మోటార్ వెహికల్, అంటే ఎల్ఎమ్‌వీ ఒకటే. గేరుంది, గేరు లేదు అన్న తేడా టూ వీలర్లకే. కానీ తమ్ముడూ, నేర్చుకునేటప్పుడు మాన్యువల్‌లోనే నేర్చుకో. రేపు ఎవరి బండి నడపాల్సి వస్తుందో తెలియదు, అర్ధరాత్రి ఇంటి ఓనరును ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వస్తే నాకు ఆటోమేటిక్ అయితేనే వచ్చు అనలేవు కదా.

మైలేజీ తక్కువ అని ఇంకా ఎవరూ అనలేదు, అనకముందే చెబుతాను. టార్క్ కన్వర్టర్‌కు, డీసీటీకి టౌన్లో కాస్త తక్కువ వస్తుంది, నిజమే. ఏఎమ్‌టీకి ఆ బాధ లేదు. 2024 స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పిన లెక్క మాన్యువల్‌కు 24.80, ఏఎమ్‌టీకి 25.75. రోడ్డు మీద అంత ఎవరికీ రాదు, అది వేరే సంగతి, కానీ రెండింటికీ తేడా లేదని అర్థం. ఏఎమ్‌టీలో జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ కొంచెం తొక్కి బండిని నిలబెట్టడం కొందరికి అలవాటు, అలా చేస్తే లోపల హాఫ్ క్లచ్‌లో ప్లేటు మాడిపోతుంది. మీకు పెడల్ లేదు కానీ ప్లేటు ఉంది. బ్రేకు తొక్కి ఉంచండి, లేదా హ్యాండ్ బ్రేకు. ఇంకొకటి, చాలా ఏఎమ్‌టీలకు పార్కింగ్ గేరు ఉండదు, ఆపాక గేరులోనే ఉంచి హ్యాండ్ బ్రేకు లాగాలి. న్యూట్రల్‌లో వదిలేసి పోయిన ఒక బండి మా షెడ్డు ముందు వాలులో నుంచి దానంతటదే బజ్జీల బండి దాకా పోయింది. బజ్జీలు మిగిలాయి, బంపరు పోయింది.

తిరుచానూరు_లడ్డు · మంగళవారం ఉదయం 6:58

మాన్యువల్ నుంచి మారేవాళ్లకు ఒక హెచ్చరిక. మొదటి వారం మీ ఎడమ కాలిని నమ్మకండి. దర్శనం చేసుకుని వచ్చి మా బావగారి ఆటోమేటిక్ నేను నడుపుతున్నాను, గరుడ సర్కిల్ దాటాక ఆటో అడ్డం వచ్చింది. పాత అలవాటు, ఎడమ కాలు క్లచ్ అనుకుని గట్టిగా తొక్కింది. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు పెడల్ ఉంది. బండి కొట్టుకుని ఆగిన ఆగుడుకు వెనక మా అత్తగారి ఒళ్లో ఉన్న లడ్డూల కవరు వచ్చి ముందు అద్దానికి తగిలింది. ఆరు లడ్డూల్లో నాలుగు బూందీ అయ్యాయి. ఇంటికి పోయేదాకా ఎవరూ మాట్లాడలేదు, జీడిపప్పులు మాత్రం ఏసీ సందుల్లోంచి వారం దాకా బయటపడుతూనే ఉన్నాయి.

ఎడమ కాలు వెనక్కి మడిచి సీటు కిందికి పెట్టుకోండి. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడి కాలు ఒక్కటే.

పాత_ఫియట్ · మంగళవారం ఉదయం 11:10

ఆటోమేటిక్ కొత్త వింత అన్నట్టు మాట్లాడుతున్నారు. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు 1940 మోడల్‌కే హైడ్రామాటిక్ అని పూర్తి ఆటోమేటిక్ పెట్టి అమ్మారు. మనం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు స్టీరింగు పక్కన కర్రకు గేరు వేసుకుంటూ అంబాసిడర్లు, ఫియట్లు తోలాం. నాకు ఆ కర్ర గేరే ఇష్టం, కానీ ఇష్టం వేరు, అవసరం వేరు. రోజూ తోలమంటే ఈ వయసులో నా వల్ల కాదు.

ట్రావెల్స్_బాబు · మంగళవారం మధ్యాహ్నం 12:35

మేడం గారు ఏం చెప్పారో చెప్పకుండా క్యాషియర్ సార్ మాయమైపోయారు.

కొర్లగుంట_క్యాషియర్ · మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:20

ఐడీ ఆయనది, రాస్తున్నది నేను. లెక్కల టీచర్ని కాబట్టి ఊరికే అభిప్రాయం చెప్పకుండా కాస్త పని చేసి వచ్చాను, అందుకే ఆలస్యం.

నాకు మాన్యువల్ అంటే భయం లేదు, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నది దాంట్లోనే, హెచ్ ట్రాక్‌లో ఒక్కసారికే పాసయ్యాను. ఆడవాళ్లు కాబట్టి ఆటోమేటిక్ అన్న మాట చదివినప్పుడు మాన్యువలే కొనాలని పట్టుదల వచ్చింది, రెండు రోజులు ఉంది, తర్వాత పోయింది.

మొదటి ఆదివారం మా తమ్ముడి మాన్యువల్‌లో కొండకు పోయాం, తమ్ముడు పక్కన, ఆయన వెనక. ఎక్కేటప్పుడు ఒక మలుపు దగ్గర ముందు బస్సు నిదానించింది. నేను మూడులో ఉన్నాను, బండి వణికింది, రెండులో వేయాలి. కంగారులో లివర్ నేరుగా వెనక్కి లాగాను, పక్కకు తోసి లాగాల్సింది మర్చిపోయాను. పడింది నాలుగు. బండి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు, వెనక సీటు నుంచి గోవిందా. హ్యాండ్ బ్రేకు లాగి, మళ్లీ స్టార్ట్ చేసి, మొదటి గేరులో కదిలాను. తమ్ముడు ఒక్క మాట అనలేదు, అది వాడి మంచితనం. దిగేటప్పుడు రెండులో వేసి వచ్చాను, ఏ ఇబ్బందీ లేదు, నిజంగా బాగుంది.

రెండో ఆదివారం పిన్ని కొడుకు ఏఎమ్‌టీ. డీలో పెట్టి ఎక్కితే మలుపులో గేరు తగ్గించడానికి ఒక్క క్షణం ఆలోచిస్తుంది, తొక్కినా కదలదు, ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. మొదటిసారి గుండె జారింది. ఎమ్‌లో పెట్టి మలుపుకు ముందే రెండుకు తగ్గించుకుంటే ఆ బాధ లేదు. దిగేటప్పుడు ఎమ్‌లో రెండు, ఇంజను రుబ్బురోలు లాగా గుయ్యిమంటూ బండిని పట్టుకునే ఉంది. పెద్దాయన చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఒక చోట ముందు నాలుగైదు కార్లు బాగా నిదానమయ్యాయి, నడక స్పీడుకు రాగానే ఆ గుయ్యి ఆగిపోయి బండి జారడం మొదలైంది. ముందే చదివి ఉన్నాను కాబట్టి కాలు బ్రేకు మీదే ఉంది. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. కింద దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాం, వేడి ఉంది, వాసన లేదు.

అంటే ఘాట్‌లో రెండూ పనికొస్తాయి, రెండూ నేర్చుకుని నడపాలి. సరే, ఘాట్ ఏడాదికి ఆరు రోజులు. మిగతా రోజుల సంగతి?

ఒక వారం తమ్ముడి బండిలోనే స్కూలుకు పోయాను. మా హిందీ మేడం పక్కన కూర్చుని, నేను క్లచ్ తొక్కినప్పుడల్లా రఫ్ బుక్కులో ఒక గీత గీసింది, పిల్లలు ఐదుకొక అడ్డగీత వేసినట్టు. సాయంత్రం పుత్తూరు నుంచి రేణిగుంట దాకా 31. రేణిగుంట నుంచి మా ఇంటి దాకా, ఫ్లైఓవర్ కింద నుంచి కదా మా వీధికి రావాలి, 137. మర్నాడు 142. శుక్రవారం మళ్లీ 140 దాటింది, మేడం చేతులు నొప్పని మానేసింది. ఏడాదికి 220 పనిదినాలు వేసుకోండి, సాయంత్రం ఒక్క పూటే, టౌన్లో మాత్రమే, ముప్పై వేలు దాటుతుంది. ఆరుసార్లు కొండకు పోవడం కోసం ఏడాదికి ముప్పై వేల సార్లు కాలు తొక్కమని మా ఆయన ఆఫీసు వాళ్లు సలహా ఇచ్చారన్నమాట.

ఏఎమ్‌టీ బుక్ చేశాం. పైన మిగిలిన డబ్బు ఏమీ లేదు, ఉన్నది కాస్తా అయిపోయింది, సీటు కవర్లు వచ్చే నెల. మదనపల్లె అక్కకు థాంక్స్. శుక్రవారం డెలివరీ, అలిపిరి దగ్గర పూజ చేయించి ఇంటికి తెస్తాం.

మదనపల్లె_అక్క · ఆదివారం సాయంత్రం 6:55

ఆ రఫ్ బుక్కు పేజీ పారేయకండి, మా వారికి చూపించాలి, ఫోటో పెట్టండి.

ట్రావెల్స్_బాబు · ఆదివారం రాత్రి 8:10

మేడం, నాకు రోజుకు ఎన్నో లెక్కపెట్టాలనిపించింది, మళ్లీ భయమేసి ఊరుకున్నాను.

ఘాట్_డ్రైవర్_కొడుకు · ఆదివారం రాత్రి 9:05

నాన్నకు నమస్కారం చెప్పాను, చాలా సంతోషించారు. ఇంకో మాట తప్పకుండా రాయమన్నారు.

"పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, ముందు అయ్యవారు, చుట్టూ చుట్టాలు, ఎవరో ఒకరు ఫోటో తీస్తూ బంపరు ముందే నిలబడి ఉంటారు. మాన్యువల్ అలవాటులో నిమ్మకాయ ఎక్కాలి కదా అని యాక్సిలరేటర్ తొక్కొద్దు. ముందున్న వాళ్లందరినీ పక్కకు జరగమను. డీలో వేసి, బ్రేకు మీద నుంచి కాలు మెల్లగా తేల్చు తల్లీ, బండి దానంతటదే పాకుతుంది, నిమ్మకాయ నలిగిన చప్పుడు వినగానే మళ్లీ బ్రేకు తొక్కు."